చెవితో చదివే అక్షరాలు

(విశాఖపట్నంలో హామ్ రేడియో, అంటే సరదా కోసం సొంతంగా నడుపుకునే రేడియో, లైసెన్సు పరీక్షకు సిద్ధమవుతున్నవాళ్ళ కోసం పెట్టుకున్న ఆదివారం తరగతిలో, ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడింది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. ఆయన నోటితో పలికి చూపించిన మోర్స్‌ని, అంటే పొట్టి, పొడుగు చప్పుళ్ళతో అక్షరాలు పంపే కోడ్‌ని, వినబడినట్టే రాశాం. పొట్టి చప్పుడు (చార్టులో చుక్క) "డి", అక్షరం చివర్లో వస్తే "డిట్". పొడుగు చప్పుడు (చార్టులో గీత) "డా".)

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ముందు వరుస అంతా ఖాళీ. మన సభల్లో ముందు వరుస ఎప్పుడూ ఖాళీయే అనుకోండి. ఇవాళ మాత్రం రావాలి. ఇవాళ చూడ్డానికి ఏమీ లేదు, వినడానికే ఉంది.

ముందు ఒక మాట చెప్పండి. మీలో ఎంతమంది దగ్గర మోర్స్ చార్టు ఉంది? ఫోన్లో ఫొటో ఉన్నా సరే, చెయ్యెత్తండి. అబ్బో, అందరి దగ్గరా ఉందే. ఆ అమ్మాయి లామినేషన్ కూడా చేయించింది. ఆ డబ్బులు దండగమ్మా. కోప్పడకు, ఎందుకన్నానో చెప్తాను.

నాకూ ఉండేది చార్టు. 1974లో, నాకు 19 ఏళ్ళు. ఓడల మీద రేడియో ఆఫీసరు అవుదామని మద్రాసులో ఒక వైర్‌లెస్ స్కూల్లో చేరాను. మా నాన్నగారికి ఓడంటే భయం, ఓడ జీతమంటే ఇష్టం. అందుకని పంపించారు. మంచం పక్కన గోడకి చార్టు అంటించుకున్నాను. ఏకి చుక్క, గీత. బీకి గీత, మూడు చుక్కలు. ఎక్కాలు బట్టీ పట్టినట్టు పట్టాను. వారంలో మొత్తం వచ్చేసింది. వారం అంటే వారమే! మోర్స్ అయిపోయింది నాన్నగారూ అని ఇంటికి ఉత్తరం కూడా రాసేశాను.

అయిపోయిందా? ఎక్కడైపోయింది! నిమిషానికి 10 మాటల దగ్గర బండి ఆగిపోయింది. మాకు సర్టిఫికెట్ రావాలంటే మామూలు ఇంగ్లీషు నిమిషానికి 20 మాటలు అందుకోవాలి. నేను 10 దగ్గర కూలబడ్డాను. ఒక నెల, రెండు నెలలు, మూడో నెల. మా మాస్టారు 11కి పెంచితే నా కాగితం మీద సగం గళ్ళు ఖాళీ.

మా గదిలో ఇంకొకడు ఉండేవాడు. రాజమండ్రి దగ్గర ఒక ఊరు వాడిది, మేళం వాళ్ళ ఇంటి పిల్లాడు. వాళ్ళ నాన్న సన్నాయి, వీడు చిన్నప్పట్నుంచీ డోలు. వాడికి చార్టు లేదు. ఒక్కసారి కూడా చూడలేదు. మాస్టారు వాయించింది విని, రాత్రి మంచం పట్టె మీద వేళ్ళతో వాయించుకుంటూ పడుకునేవాడు. మొదటి నెల వాడు నాకన్నా వెనక. నేను వాడికి సలహాలు కూడా ఇచ్చాను, సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి. మూడో నెలకి వాడు 18లో ఉన్నాడు. నేను 10లోనే ఉన్నాను.

ఏరా, క్యూకి ఎన్ని చుక్కలు అని అడిగానొకసారి. వాడు తెల్లమొహం వేశాడు. తెలీదు! తర్వాత నోటితో "డా-డా-డి-డా" అనుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "ఒకటిరా" అన్నాడు. అర్థమైందా అండీ? వాడికి క్యూ అంటే ఆ చప్పుడు. చుక్కలెన్నో వాడికి అనవసరం. మీ అమ్మగారు మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తే అందులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి, ఓహో ఇది నా పేరే అనుకుని పలుకుతారా?

నా బుర్రలో ఏం జరిగేదో చూడండి. చప్పుడు వస్తుంది. దాన్ని చుక్కలు గీతలుగా మార్చుకుంటాను. ఆ బొమ్మ పట్టుకుని గోడ మీద చార్టు దగ్గరికి పోతాను, బుర్రలోనే. వెతుకుతాను. దొరుకుతుంది. వెనక్కొచ్చి రాస్తాను. ఈలోపు తర్వాతి అక్షరం వచ్చి వెళ్ళిపోతుంది. నిమిషానికి 10 మాటల దగ్గర డి చప్పుడు 120 మిల్లీసెకన్లు. 20 దగ్గర 60. ఆ 60 మిల్లీసెకన్లలో ఎక్కడికి పోయి వస్తారు?

ఇది నా ఒక్కడి జబ్బు కూడా కాదు. 1897లోనే అమెరికాలో బ్రయాన్, హార్టర్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్ళ మీద పరిశోధన చేశారు. మెట్టు ఎక్కడం, అక్కడ వారాల తరబడి కూర్చోవడం, తర్వాత ఉన్నట్టుండి పైకి లేవడం, ఇదంతా గ్రాఫు గీసి పెట్టారు. నాకు అప్పుడు తెలిసుంటే అంత ఏడ్చేవాణ్ణి కాదు.

అసలు ఈ కోడ్ పుట్టుక చూస్తే ఇంకా తమాషా. 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి మోర్స్ లైను వేసినప్పుడు, అవతల యంత్రం కాగితం పట్టీ మీద గుర్తులు వేసేది. కళ్ళతో చదవడానికే చేశారు. ఆ గుర్తులు పడేటప్పుడు యంత్రం టకటకలాడేది. కొన్నాళ్ళకి ఆపరేటర్లు కాగితం చూడ్డం మానేసి చప్పుడు విని రాసేయడం మొదలుపెట్టారు. దాంతో కాగితం పట్టీ పోయింది, ఒట్టి చప్పుడు చేసే సౌండర్ వచ్చింది. చెవి ముందు కన్ను ఓడిపోయింది, ఎప్పుడో! మనం మళ్ళీ చార్టులు కొనుక్కుంటున్నాం, లామినేషన్ చేయించుకుంటున్నాం.

మనం వాడేది ఆ మొదటి కోడ్ కాదులెండి. 1848లో గెర్కే అనే జర్మన్ ఆయన దాన్ని బాగుచేశాడు. దాదాపు అదే 1865లో పారిస్‌లో అంతర్జాతీయ కోడ్ అయింది. కానీ మూల సూత్రం మోర్స్ వాళ్ళదే: ఎక్కువ వాడే అక్షరానికి చిన్న చప్పుడు. ఏ అక్షరం ఎంత వాడతారో ఎలా తెలుస్తుంది? అచ్చుకూటంలో సీసపు అక్షరాల లెక్క చూశారు. ఈ అక్షరం 12,000 ఉంటే జెడ్ 200. అందుకే ఈ అంటే ఒక్క "డిట్". టీ అంటే ఒక్క "డా".

ఇప్పుడు కొలతలు. ఇది ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. డి ఒక మాత్ర అనుకోండి. డా మూడు మాత్రలు. అక్షరం లోపల చప్పుళ్ళ మధ్య ఖాళీ ఒకటి. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు. మాటకీ మాటకీ మధ్య ఏడు. పారిస్ అనే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో పంపిస్తే, చివరి ఖాళీతో కలిపి సరిగ్గా 50 మాత్రలు వస్తుంది. ఇంటికెళ్ళి లెక్క వేసుకోండి. నిమిషానికి ఎనిమిది మాటలు అంటే ఎనిమిది పారిస్‌లు. హామ్ లైసెన్సులో మీకు జనరల్ గ్రేడ్ కావాలంటే ఆ ఎనిమిది చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు. మోర్స్ వద్దనుకునేవాళ్ళు ఇప్పుడే వెళ్ళొచ్చు, బయట టీ పెట్టారు. ఎవరూ లేవలేదే! సరే.

మాత్ర అన్నాను కదా. మీలో తెలుగు మీడియం వాళ్ళు ఎంతమంది? ఛందస్సు గుర్తుందా? లఘువు, గురువు. "యమాతారాజభానసలగం". మా తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టి నేర్పారు. మద్రాసులో ఒక రాత్రి నిద్ర పట్టక చార్టు చూస్తూంటే నాకు గబుక్కున తట్టింది. డిని లఘువు అనుకో, డాని గురువు అనుకో. మూడేసి చప్పుళ్ళు ఉన్న అక్షరాలు మోర్స్‌లో సరిగ్గా ఎనిమిది. మన మూడక్షరాల గణాలు ఎనిమిది! డబ్ల్యూ య గణం. ఓ మ గణం. జీ త గణం. కే ర గణం. ఆర్ జ గణం. డీ భ గణం. ఎస్ న గణం. యూ స గణం. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. ఏ చూస్తే వ గణం, ఎన్ చూస్తే హ గణం. నాకు ఒళ్ళు పులకరించింది. డోలు వాణ్ణి లేపి చెప్పాను. పడుకోరా అన్నాడు.

ఇంకొకటి చెప్తాను, మీకూ పులకరిస్తుంది. ఎస్ఓఎస్. అందరికీ తెలిసిందే. మా ఓడని కాపాడండి అన్న ఇంగ్లీషు మాటలకి పొట్టి రూపం అంటారు, అదేం కాదు. 1906లో బెర్లిన్ సమావేశంలో ఒప్పుకున్నప్పుడు, చెవికి స్పష్టంగా తగులుతుందని ఆ చప్పుడు తీసుకున్నారు. మధ్యలో ఖాళీ ఇవ్వకుండా ఒకే అక్షరంలా కొట్టాలి. డి-డి-డి-డా-డా-డా-డి-డి-డిట్. మూడు లఘువులు, మూడు గురువులు, మూడు లఘువులు. ఏ గణాలు? న, మ, న. నమన! మునిగిపోతున్నవాడు రెండు చేతులూ ఎత్తి పెట్టే దండం. ఎవరూ అలా పెట్టలేదు, కుదిరిందంతే.

బాగుంది కదా? ఇప్పుడు అసలు సంగతి వినండి. ఈ గణాల వల్ల నాకు నష్టం జరిగింది. పెద్ద నష్టం. 10లో ఉన్నవాణ్ణి ఎనిమిదికి పడిపోయాను! ఎందుకు? ఇదివరకు చప్పుడు, చుక్కలు, అక్షరం, ఇలా మూడు మజిలీలు. ఇప్పుడు చప్పుడు, లఘువు గురువు, గణం, అక్షరం. దారిలో ఇంకో సత్రం కట్టుకున్నాను. పైగా ఛందస్సులో గురువుకి రెండే మాత్రలు, ఇక్కడ డాకి మూడు. పద్యం నడకకి అలవాటైన చెవికి డా కాస్త సాగినట్టు అనిపించి తికమక. అందుకని చెప్తున్నాను. గణాలు సరదాకి ఉంచుకోండి, రాత్రి నిద్ర పట్టకపోతే పనికొస్తాయి. చదవడానికి మాత్రం వాడకండి. ఎఫ్‌కి ఒక ఇంగ్లీషు మాట, ఎల్‌కి ఒక మాట అని గుర్తుపెట్టుకునే చిట్కాలు అమ్ముతారు చూడండి, అవీ అంతే. ప్రతి చిట్కా దారిలో ఒక సత్రం.

మరెలా నేర్చుకోవాలి? 1930లలో లుడ్విగ్ కోఖ్ అనే జర్మన్ చెప్పిన పద్ధతి ఉంది. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచడం కాదు. మొదటి రోజే పూర్తి వేగం. అక్షరాలే తక్కువ, రెండే రెండు. ఆ రెండూ నూటికి తొంభై సరిగ్గా రాసేదాకా మూడోది ముట్టుకోకూడదు. నెమ్మదిగా కొడితే ఏమవుతుంది? లెక్కపెట్టడానికి టైము దొరుకుతుంది. టైము దొరికితే మనిషి లెక్కపెడతాడు. ఆ అవకాశమే ఇవ్వకూడదు. మరీ కష్టంగా ఉంటే ఫార్న్స్‌వర్త్ పద్ధతి. అక్షరం మాత్రం 18, 20 వేగంలో కొట్టి, అక్షరాల మధ్య ఖాళీలు పెంచుతారు. ఆలోచించుకోవడానికి టైము ఉంటుంది, లెక్కపెట్టడానికి ఉండదు.

ఇప్పుడే చేద్దాం. పెన్నులు పక్కన పెట్టండి. కళ్ళు మూసుకోండి. ఇది కే. డా-డి-డా. మళ్ళీ. డా-డి-డా. ఇంకోసారి, డా-డి-డా. ఇది ఎం. డా-డా. డా-డా. ఇప్పుడు నేను ఏదో ఒకటి కొడతాను, మీరు గట్టిగా చెప్పండి. డా-డా. ఆ. డా-డి-డా. ఆ. డా-డి-డా. ఎం అన్నదెవరు? పర్లేదు. డా-డా. చూశారా, రెండు నిమిషాల్లో రెండక్షరాలు, నిమిషానికి 20 మాటల వేగంలో! ఎవరైనా లెక్కపెట్టారా? లేదు. మూడోది కూడా వినండి. యూ. డి-డి-డా. డి-డి-డా. స గణం అనొద్దు! వెనకాల ఎవరో అన్నారు, నాకు వినబడింది. తప్పు నాదే, నేనే చెప్పాను.

రోజుకి పావుగంట, రెండుసార్లు. అంతకు మించొద్దు. రెండు గంటలు ఏకబిగిన కూర్చుంటే చెవి మొద్దుబారుతుంది. మిగతా టైములో నోటితో చేయండి. బస్సులో కూర్చుని ముందు బండి నంబరు ప్లేటు పాడుకోండి. మన పాత బండ్ల మీద ఏపీ 31 ఉంటుంది కదా. డి-డా, డి-డా-డా-డిట్, డి-డి-డి-డా-డా, డి-డా-డా-డా-డా. పక్కవాడు మిమ్మల్ని అదోలా చూస్తాడు. చూడనివ్వండి. ఎల్‌సీడబ్ల్యూఓ అని ఉచితంగా కోఖ్ పద్ధతిలో నేర్పే సైటు ఉంది, అది చాలు. ఎఫ్, ఎల్ అందరినీ ఏడిపిస్తాయి, డి-డి-డా-డిట్, డి-డా-డి-డిట్. క్యూ, వై కూడా. ఎస్, హెచ్, 5 అయితే మూడు, నాలుగు, ఐదు డిలు, గడగడా పోతాయి. వాటిని విడిగా జంటలుగా వినండి.

ఇంకో జబ్బు ఉంది, ఇది మాత్రం చాలా ముఖ్యం. ఒక అక్షరం అందలేదు. ఏం చేస్తారు? అయ్యో ఏమై ఉంటుంది అని ఆలోచిస్తారు. ఆలోచిస్తుంటే ఇంకో నాలుగు పోతాయి. బస్సు పోయింది నాయనా! దాని వెనక పరిగెత్తకు, తర్వాతి బస్సు వచ్చేస్తోంది. చిన్న గీత పెట్టి వదిలేయ్. పరీక్షలో ఫెయిలయ్యేవాళ్ళలో చాలామంది మోర్స్ రాక కాదు, పోయిన అక్షరం మీద బెంగతో ఫెయిలవుతారు.

దీనికి తిరగేసిన జబ్బు ముందే ఊహించడం. సగం మాట వినగానే, ఓ ఇదా అని మిగతాది రాసేస్తారు. వచ్చేది వేరే మాట. మాకు అందుకే అర్థం లేని ఐదక్షరాల గుంపులు ఇచ్చేవారు, ఊహకి తావు లేకుండా. అలవాటైనవాళ్ళు వినేదానికన్నా మూడు, నాలుగు అక్షరాలు వెనక రాస్తారు. పురాణం చెప్పేటప్పుడు నోట్సు రాసుకునేవాళ్ళని చూడండి, చెయ్యి వెనకాల వస్తుంటుంది, చెవి ముందుంటుంది. అలా.

నాకెప్పుడు వచ్చింది అంటారా? చార్టు గోడ మీంచి పీకి డోలు వాడి చేతికిచ్చాను. వాడు దాన్ని మడిచి, ఊగే కుర్చీ కాలి కింద పెట్టాడు. నేను మళ్ళీ మొదట్నుంచి. నాలుగు నెలలు పట్టింది. నేర్చుకోవడానికి కాదండీ, మర్చిపోవడానికి.

ఓడ మీద సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. మా రేడియో గదిలో గడియారం ఉండేది. ఆ గడియారం మీద రెండు ఎర్ర ముక్కలు, పుచ్చకాయ బద్దల్లా. 15 నుంచి 18 నిమిషాల దాకా ఒకటి, 45 నుంచి 48 దాకా ఒకటి. గంటకి రెండుసార్లు, ఆ మూడేసి నిమిషాలు, 500 కిలోహెర్ట్జ్ మీద లోకంలో ఏ ఓడా మోర్స్ కొట్టే కీ ముట్టుకోకూడదు. ఎందుకు? ఎక్కడైనా బలహీనమైన ఎస్ఓఎస్ ఉంటే వినబడాలని. అప్పటిదాకా చేపల బజారులా ఉన్న ఫ్రీక్వెన్సీ ఆ నిమిషం రాగానే ఆగిపోయేది. ఇయర్‌ఫోన్లో ఒట్టి హోరు. బంగాళాఖాతంలో అర్ధరాత్రి ఆ మూడు నిమిషాలు కూర్చుంటే, ఇంతమంది కలిసి ఊరుకుని వినడం ఇంకెక్కడా చూళ్ళేదు నేను.

ఒక రాత్రి అలా వింటూ వింటూ, అది అయిపోయాక కునుకు పట్టింది. తప్పే, ఒప్పుకుంటున్నాను. ఒడ్డు మీది మద్రాస్ రేడియో స్టేషన్ మోర్స్‌లో ట్రాఫిక్ లిస్టు చదువుతోంది, అంటే కబురు వచ్చి ఉన్న ఓడల పేర్లు వరసగా, ఇరవయ్యో ముప్ఫయ్యో. జోలపాటలా ఉంది. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాను. ఎందుకు లేచానో తెలీదు. రెండోసారి చదివినప్పుడు తెలిసింది. మా ఓడ కాల్‌సైన్, అంటే రేడియోలో మా ఓడని పిలిచే పేరు. నిద్రలో ముప్ఫై పేర్లు దాటిపోయాయి, మా పేరు దగ్గర లేచాను. అందులో ఎన్ని డిలు, ఎన్ని డాలు ఉన్నాయో ఇవాళ్టికీ నేను వేళ్ళు మడిచి చూసుకోవాలి. డోలు వాడు క్యూకి చూసుకున్నట్టు.

1999 ఫిబ్రవరి 1తో ఓడల మీద మోర్స్ పనైపోయింది, ఉపగ్రహాలొచ్చాయి. మన టెలిగ్రాం 2013 జూలైలో పోయింది. మిగిలింది మీరే, హామ్‌లు. మరి ఫోన్లో యాప్ ఉంది కదా అదే చదువుతుంది అంటారు. చదువుతుంది, సిగ్నల్ శుభ్రంగా ఉంటే. నేనూ వాడతాను, నా కీయింగ్ బాగుందో లేదో చూసుకోవడానికి. హామ్‌లు వాడే నలభై మీటర్ల బ్యాండ్ మీద రాత్రిపూట ఉరుముల చప్పుళ్ళలో, ఒకరి మీద ఒకరు ఎక్కి కొడుతున్నప్పుడు, మధ్యలో సన్నగా అయిదు వాట్ల వాడు పిలుస్తుంటే యాప్ చెత్త అక్షరాలు కక్కుతుంది. చెవి వాణ్ణి పట్టుకుంటుంది. పెళ్ళి పందిట్లో అంత గోలలో మీ పిల్లాడి ఏడుపు మీకు వినబడదూ?

సరే, టీ చల్లారిపోతోంది. చివరగా పరీక్ష. మీకు వచ్చిన మూడక్షరాలతోనే, కే, ఎం, యూ. ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాట. రాయొద్దు, పక్కవాళ్ళకి చెప్పొద్దు. ఏం విన్నారో దాన్ని చేత్తో పట్టుకోండి, చాలు. కళ్ళు మూసుకోండి.

డా-డా. డి-డి-డా. డా-డి-డా. డా-డి-డా. డి-డి-డా.

ఇంకొక్కసారి. డా-డా. డి-డి-డా. డా-డి-డా. డా-డి-డా. డి-డి-డా.

తెరవండి. ఆ లామినేషన్ అమ్మాయి ముక్కు పట్టుకుంది, భేష్! ఇటు వీళ్ళిద్దరూ ముక్కే. మీరు చెవి పట్టుకున్నారేమండీ? కిటికీ పక్కనున్న ఆ అబ్బాయి డాల్ఫిన్స్ నోస్ కొండకేసి వేలు చూపిస్తున్నాడు. అదీ రైటే, దాన్ని పట్టుకోవడం కష్టం మరి. పదండి, టీ తాగుదాం.